భూషయ్య ఎప్పుడు చెప్పినట్టు?

రేపల్లె హైస్కూల్లో సోషల్ చెప్పే బర్నబాస్ మాస్టారికి మనుషుల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. పిల్లల్ని కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు పూర్తిగా విని, ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆ చూపు కంటే బెత్తం దెబ్బే నయమని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. తోటి మాస్టర్లతోనూ అంతే. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం సాగుతుంటే రెండో బెంచీలో కూర్చుని గోళ్ళు చూసుకునేవాడు. ఆయన్ని చూసి జంకనిది భార్య రాహేలు ఒక్కతే. ఆవిడ మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. "మీరు అందరికంటే తెలివిగలవాళ్ళేలెండి, ముందు అన్నం తినండి" అనేది.

ఆయనకు దేవుడిచ్చిన ఆస్తి గొంతు. నలభై దాటకముందే డెబ్భై ఏళ్ళ ముసలాయన గొంతు. తెనాలి నాటక పోటీల్లో తండ్రి వేషాలూ తాత వేషాలూ వేసి, మొహానికి రంగు బాగా అంటకపోయినా గొంతుతో నెట్టుకొచ్చేవాడు. అలా ఒకసారి పోటీలకు వచ్చిన రేడియో ఆయన ఒకరు విని, బెజవాడ రమ్మన్నాడు. అక్కడ చిన్నా చితకా వేషాలు చదివాక, పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో 'కాలవ గట్టు కాపురం' అనే ధారావాహిక నాటకం మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అరగంట. అందులో భూషయ్య అనే ముసలి రైతు తన కాపురం కథంతా భార్య సుభద్రకు చెబుతుంటాడు. "సుభద్రా, విన్నావా" అని మొదలుపెడతాడు, మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటాడు, చివర ఒక మాట చెప్పి ఊరుకుంటాడు. కథ లోపల సుభద్ర వయసులో ఉంటుంది, మాట్లాడుతుంది, పోట్లాడుతుంది. దానికి వేరే అమ్మాయి. కాని ముసలి భూషయ్య చెబుతున్నప్పుడు మాత్రం వింటున్న సుభద్ర ఒక్క మాట కూడా పలకదు. ఊఁ అనైనా అనదు.

ఆ భూషయ్య బర్నబాస్ మాస్టారు.

ఆయన దృష్టిలో అదొక పనికిమాలిన రచన. కాగితాలు రికార్డింగు రోజు పొద్దున చేతికి వచ్చేవి. రాసినాయన ఒక వారం రాసింది ఇంకో వారానికి మరిచిపోయేవాడు. ఒక భాగంలో భూషయ్య "ఈ కొత్త పైసలు నాకు లెక్క తెలియవే" అంటాడు. మూడు భాగాలు పోయాక "మన కలెక్టరు దొర మొన్న గుర్రం మీద వచ్చాడు" అంటాడు. మాస్టారు ఈ రెండూ చదివాడు, రెండిటికీ ఒకే గొంతు ఇచ్చాడు, వచ్చి రైలెక్కాడు. దాని గురించి ఆలోచించడానికి కూడా ఆయనకు తీరిక లేదు.

ఆ తీరిక తెనాలిలో ఉంది.

తెనాలి స్టేషను ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఆదివారం మధ్యాహ్నం ముప్ఫై మంది దాకా చేరి రేడియో వినేవాళ్ళు. వాళ్ళకు పెద్ద శేషగిరిరావు. ఆయన ప్లీడరు గుమాస్తా. కోర్టులో రోజంతా ఇంకొకరు వాదిస్తుంటే కాగితాలు అందించడమే ఆయన పని. ఆ దాహమంతా ఆదివారం ఇక్కడ తీర్చుకునేవాడు. ఆయనకు ఎదురు నిలిచేది నందివెలుగు రైతు వెంకటప్పయ్య. మూడో పంట పెసలు కళ్ళంలో ఉన్నా సరే, ఆదివారం సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు.

వాదం ఏమిటంటే, భూషయ్య ఈ కథ ఎప్పుడు చెబుతున్నట్టు? సుభద్ర బతికుండగానా, పోయాకనా?

"పోయాకేనండీ" అనేవాడు శేషగిరిరావు. "బతికున్న మనిషైతే ఒక్కసారైనా పలకదా? ఫోటో ముందు కూచుని చెప్పుకుంటున్నాడు పాపం."

"నలభై ఏళ్ళు కాపురం చేసిన ఆడది ఏం పలుకుద్దండి" అనేవాడు వెంకటప్పయ్య. "వినీ వినీ విసుగొచ్చి ఊరుకుంది. మా ఇంట్లోది పలుకుద్దా? అయినా నాలుగో వారం గ్లాసు పెట్టిన చప్పుడు వినపళ్ళా? మజ్జిగ తెచ్చిచ్చింది."

"ఆయనే తాగి ఆయనే పెట్టుకున్నాడు."

"ముసలాయనకి మజ్జిగ ఎవరు కలిపారండి మరి?"

ఇలా సాగేది. కొత్త పైసలు వచ్చాయి కాబట్టి యాభై ఏడు తర్వాతేనని ఒకడు. కలెక్టరు దొర ఉన్నాడు కాబట్టి స్వరాజ్యానికి ముందేనని ఇంకొకడు. మతి తప్పిన ముసలాయన పాతా కొత్తా కలిపి మాట్లాడుతున్నాడని, కాబట్టి చెప్పే కాలం ఇంకా తర్వాతని శేషగిరిరావు. వీళ్ళలో ఒకడి కొడుకు ఆ ఏడు ఎస్సెల్సీ తప్పాడు. ఇంకొకడి చేలో నీళ్ళు పక్కవాడు మళ్ళించుకుపోయాడు. వెంకటప్పయ్య తల్లి అంకమ్మ మంచాన పడి ఉంది. వీటిలో ఏదీ ఆ హోటల్లో చర్చకు వచ్చేది కాదు. లేని ముసలిది బతికి ఉందా లేదా అన్నదే వాళ్ళకు తేలని సంగతి.

భూషయ్య గొంతు రేపల్లె మాస్టారిదని వాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. పేరు వినగానే శేషగిరిరావు కాస్త నొచ్చుకున్నాడు. "బర్నబాసా?" అన్నాడు. "మన భూషయ్యా?" తర్వాత సర్దుకుని, కళకు అలాంటివి ఉండవని తనకు తనే చెప్పుకున్నట్టు పైకి అన్నాడు.

రేపల్లె నుంచి బెజవాడ వెళ్ళాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. ఒక రోజు మాస్టారు ప్లాట్‌ఫారం బెంచీ మీద పేపరు చదువుకుంటుంటే ఇద్దరూ వచ్చి నమస్కారం పెట్టారు. పరిచయాలయ్యాయి. పొగడ్తలయ్యాయి. అప్పుడు వెంకటప్పయ్య అసలు మాట అడిగాడు.

"ఆ గ్లాసు చప్పుడు ఎవరిదండి మాస్టారూ? సుభద్రమ్మదే కదండీ?"

మాస్టారు పేపరు దించాడు. "నాది. గొంతు ఆరిపోతే మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాను. అది కూడా పట్టేసింది మిషను."

వెంకటప్పయ్య మొహం చిన్నబోయింది. శేషగిరిరావు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"అది మీరు అనుకుంటున్నారండీ. మీరు నీళ్ళు తాగారు, నిజమే. కాని వినేవాళ్ళకు తాగింది భూషయ్య. ఆ గ్లాసు అక్కడికి ఎలా వచ్చిందన్నది మీ చేతిలో లేదు."

"మరి ఎవరి చేతిలో ఉంది?"

"కథలో ఉందండీ."

మాస్టారు ఆయన్ని కాసేపు చూశాడు. మళ్ళీ పేపరు ఎత్తాడు. ఇంటికి వచ్చి రాహేలుతో చెబుతూ, "తెనాలిలో గాడిదలు జోళ్ళు వేసుకుని తిరుగుతున్నాయి" అన్నాడు.

రాహేలు చింతకాయ పచ్చడికి పోపు పెడుతోంది. నవ్వింది. "ఇంతకీ ఆవిడ ఉందా, పోయిందా?"

"నువ్వు కూడానా?"

"మా స్కూల్లో టీచర్లందరూ అడుగుతున్నారండి. నాకు చెప్తే చాలు, నేనెవరికీ చెప్పను."

"తెలిస్తే కదా చెప్పడానికి. రాసేవాడికే తెలియదు."

"మీరు చదివేటప్పుడు ఎవరున్నారనుకుని చదువుతారు మరి?"

ఆయన గోడ ఉందనుకుని చదువుతాను అనబోయి, ఎందుకులే అని స్నానానికి వెళ్ళాడు.

ఆ ఏడు వానాకాలంలో రాహేలు పోయింది. స్కూల్లో హాజరు పిలుస్తూ కుర్చీలో వెనక్కి వాలింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికే అయిపోయింది. గుండె అన్నారు. కూతురు సారా గుంటూరులో చదువుతోంది, కబురందుకుని వచ్చింది. సమాధి తవ్వుతుంటే నీళ్ళు ఊరాయి. తోడి పోసి దించారు. మాస్టారు ఏడవలేదు. పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా తలవంచుకుని నిలబడి, అందరితో పాటు మట్టి వేసి, ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

రాహేలు పోయిన తర్వాత వచ్చిన ఆదివారం రేడియోలో భూషయ్య భాగం యథాప్రకారం వచ్చింది. మాస్టారింట్లో రేడియో పెట్టలేదు. తెనాలిలో విన్నారు. ఆ వారం భూషయ్య గొంతు మారిపోయింది. మాట ముద్దగా వస్తోంది, అక్షరాలు తడబడుతున్నాయి. "సుభద్రా" అన్న చోట సగంలో ఆగిపోయింది. హోటల్లో ఎవరూ కప్పు కదపలేదు. రేపల్లె బండిలో తిరిగే మనిషి ఒకడు మాస్టారి భార్య పోయిన సంగతి అప్పటికే చెప్పి ఉన్నాడు.

"ఇంకేం కావాలండీ" అన్నాడు శేషగిరిరావు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. "తేలిపోయింది. భార్య పోయినవాడి గొంతు అది."

"పోయింది మాస్టారి భార్యండి. భూషయ్య భార్య కాదు" అన్నాడు వెంకటప్పయ్య.

"రెండూ ఒకటే ఇప్పుడు."

"ఎట్లా ఒకటండి?"

మాట పెరిగింది. ఆయన్నే అడుగుదామని ఒకరన్నారు. ఎలాగూ పలకరించాలి కదా అని ఇంకొకరన్నారు. మర్నాడు సాయంత్రం ఇద్దరూ అరటిపళ్ళు పట్టుకుని రేపల్లె బండి దిగారు.

మాస్టారు అరుగు మీదే ఉన్నాడు. సారా రెండు కుర్చీలు వేసి, కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. వాళ్ళు కాఫీ ముట్టలేదు. చావింట్లో ఎవరూ ముట్టరు కాబట్టి, మామూలు రోజైతే ముట్టేవాళ్ళా అని అడిగే అవసరం లేకపోయింది. శేషగిరిరావు మనిషి జీవితం గురించి నాలుగు మాటలు చెప్పాడు. పోయినావిడ వయసెంతని వెంకటప్పయ్య అడిగి నాలుక చప్పరించాడు. అక్కడితో లేచి వెళ్ళినా బాగుండేది.

"నిన్న విన్నామండీ" అన్నాడు శేషగిరిరావు.

"ఏం విన్నారు?"

"భూషయ్యనండీ. మా వల్ల కాలేదు. అంత బాధలోనూ వెళ్ళి చదివారంటే..." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అది అమ్మగారు పోయాక చదివిందే కదండీ?"

మాస్టారు ఆయన వంకా, తర్వాత వెంకటప్పయ్య వంకా చూశాడు. వెంకటప్పయ్య అరటిపళ్ళ వంక చూస్తున్నాడు, కాని చెవులు ఇటే ఉన్నాయి.

"అది నెల కిందట చదివింది" అన్నాడు మాస్టారు. "అన్నీ నెల ముందే చదివిస్తారు. ఆ పొద్దున దవడ పన్ను పీకించుకున్నాను. బుగ్గలో దూది ఉంది. నాలుక తిరగలేదు."

వెంకటప్పయ్య నోట్లోంచి నవ్వు జారింది. వెంటనే కండువా అడ్డం పెట్టుకుని దగ్గాడు. శేషగిరిరావు మాత్రం ఓడిపోయిన మనిషిలా లేడు. ఆలోచనలో పడ్డాడు.

"కొన్ని ముందే తెలుస్తాయండీ" అన్నాడు చివరకు. "మనకు తెలియకుండానే లోపల తెలుస్తుంది. అమ్మగారు వెళ్ళిపోతారని మీ గొంతుకు తెలిసి ఉంటుంది. పన్ను ఒక వంక."

లోపల సారా చేతిలోని పళ్ళెం కింద పెట్టింది.

మాస్టారు అడిగాడు. "మీ ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయా?"

"అయ్యాయండి."

"మీ ఆవిడలు ఉన్నారా?"

"ఉన్నారండి" అన్నారు ఇద్దరూ, ఒకరి తర్వాత ఒకరు.

"అయితే ఇళ్ళకు వెళ్ళి వాళ్ళు ఏమంటున్నారో వినండి. బతికున్నారో లేదో ఇంకొకర్ని అడగక్కర్లేదు. బండికి టైమైంది, లేవండి."

వాళ్ళు లేచారు. శేషగిరిరావు అవమానపడి గబగబా గేటు దాటాడు. దాటాక అన్నాడు, "గొంతు ఒక్కటే ఉందండీ ఆయన దగ్గర. మనిషిలో ఏం లేదు." వెంకటప్పయ్య స్టేషను దాకా నడుస్తూ పళ్ళు అక్కడ వదిలేసి రావడం గురించి కాసేపు ఆలోచించి, పోనీలే అనుకున్నాడు.

తర్వాతి రికార్డింగుకు మాస్టారు వెళ్ళాడు. వద్దని సారా అంది. ఒప్పుకున్న పని అన్నాడు. బెజవాడలో కాగితాలు చేతిలో పెట్టారు. అందులో భూషయ్య, పెళ్ళయిన కొత్తలో సుభద్ర వంట చేస్తూ చెయ్యి కాల్చుకున్న సంగతి చెప్పాలి. "సుభద్రా, విన్నావా" అని మొదలు. ఆయన నిలబడి చదివాడు. ఎక్కడా ఆగలేదు. ఎక్కడా తడబడలేదు. చివరి కాగితం తిప్పి, గ్లాసులో నీళ్ళు తాగి, చప్పుడు కాకుండా కింద పెట్టాడు. బాగా వచ్చిందన్నారు రేడియో వాళ్ళు. బయటికి వచ్చి రైలెక్కాక ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత ఎంత ఉందంటే, ఎదురుగా కూర్చున్న వాళ్ళెవరి మీదా ఆయనకు ఆ రోజు చిన్నచూపు చూసే ఓపిక లేకపోయింది.

ఆ భాగం వచ్చిన ఆదివారం తెనాలి హోటల్లో ఎవరూ కదలలేదని కాదు. మధ్యలో రెండు దోసెలు చెప్పారు. అయ్యాక శేషగిరిరావు తీర్పు ఇచ్చాడు. "ఈ వారం చప్పగా ఉందండీ. మనసు పెట్టలేదు. భార్య పోయిన మనిషి చదివినట్టే లేదు."

మాస్టారు ఒప్పుకున్న భాగాలు పూర్తి చేసి మానుకున్నాడు. నాటకం కూడా అంతటితో అయిపోయింది. చివరి భాగంలో చివరి మాట, భూషయ్య "సరేలే, ఇక పడుకో" అంటాడు. ఇంకేమీ లేదు. మంచం మీద ఉన్న మనిషితో అన్నాడని వెంకటప్పయ్య, సమాధిలో ఉన్న మనిషితో అన్నాడని శేషగిరిరావు. రెండు పక్షాలూ గెలిచాయి. హోటలాయన రేడియో కట్టేసి లెక్క అడిగాడు.

ఆ తర్వాత మాస్టారు ఏ నాటకంలోనూ వేషం కట్టలేదు. పాస్టరుగారు చర్చిలో వాక్యం చదవమంటే, ఇంకెవరినైనా అడగండి అన్నాడు. వంట నేర్చుకున్నాడు. పిల్లలకు పాఠం చెప్పాడు. సారా చదువయ్యాక ఆమెకు బాపట్లలో టీచరుద్యోగం దొరికింది. సెలవులకు ఆయన అక్కడికి వెళ్ళేవాడు.

డెబ్భై నాలుగులో దసరా సెలవులకు వెళ్ళినప్పుడు సారా కొత్త ట్రాన్సిస్టరు కొని ఉంది. రేడియోలో 'కాలవ గట్టు కాపురం' మళ్ళీ వేస్తున్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, ఆమె అడక్కుండానే అది పెట్టింది. ఆయన వద్దనలేదు. భూషయ్య వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో సుభద్ర చెయ్యి కాల్చుకోవడం చెప్పాడు.

అయ్యాక సారా అంది, "ఇదే నాన్నా. అమ్మ పోయాక నువ్వు వెళ్ళి చదివింది."

"కాదు" అన్నాడు ఆయన. "అది వరదల భాగం. కట్ట తెగింది, అందరూ బస్తాలు మోశారు, అది."

"వరదలది దానికి ముందు. నువ్వు బెజవాడ నుంచి వచ్చి అమ్మకి ఆ కట్ట సంగతంతా చెప్పావు. నేను సెలవులకి వచ్చి ఉన్నాను. అమ్మ నవ్వింది కూడా."

"నవ్వింది గుర్రం మీద కలెక్టరుకి."

"రెండిటికీ నవ్వింది. ఇది వేరు నాన్నా. 'సుభద్రా' అన్నాక కాస్త ఆగావు, విన్లేదా?"

"ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. నాకు తెలియదా?"

"ఆగావు. నేను విన్నాను."

ఆయన కోపంగా లేచాడు. "తెనాలి వాళ్ళలా మాట్లాడతావేంటి?"

సారా ట్రాన్సిస్టరు తీసి గూట్లో పెట్టింది. ఆయన చొక్కా వేసుకుని సూర్యలంక రోడ్డు మీద చాలా దూరం నడిచాడు. ఏ రోజు ఏది చదివాడో గుర్తు చేసుకోబోయాడు. కాగితాలు గుర్తొచ్చాయి, సిరా మరకలు గుర్తొచ్చాయి, రైల్లో వచ్చిన రోత గుర్తొచ్చింది. ఏ మాటలు చదివాడో మాత్రం దొరకలేదు. చెయ్యి కాలిందో, కట్ట తెగిందో. రాహేలు పోయాక మైకు ముందు తన నోటి నుంచి వచ్చిన మొదటి మాటలు అవి. ఊళ్ళన్నీ విన్నాయి, తనకు తెలియదు.

తిరిగి వెళ్ళేటప్పుడు తెనాలిలో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద శేషగిరిరావు కనిపించాడు. జుట్టు నెరిసింది, చేతిలో కోర్టు సంచీ ఉంది. మాస్టారు తనే లేచి వెళ్ళాడు. మనిషిని పిలిచి మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

"శేషగిరిరావు గారూ, నేను బర్నబాస్‌ని. రేపల్లె. భూషయ్య."

"ఏ భూషయ్యండీ?" అన్నాడు శేషగిరిరావు. కాసేపటికి మొహం విప్పారింది. "ఆఁ, ఆ నాటకం. ఎన్నాళ్ళయింది."

"మా ఇంటికి వచ్చారు మీరు. అది అయ్యాక కొన్నాళ్ళకు ఒక భాగం వచ్చింది, బాగోలేదన్నారట మీరు. అందులో భూషయ్య ఏం చెప్పాడు? చెయ్యి కాలినదా, వరద సంగతా?"

శేషగిరిరావు పైకి చూశాడు, నిజంగానే ఆలోచించాడు. "ఏమోనండీ. ఆవిడ పోయిందనే తేలింది కదా చివరికి, అంతవరకే గుర్తుంది." తర్వాత దగ్గరికి జరిగాడు. "ఇప్పుడు వారపత్రికలో ఒక సీరియల్ వస్తోంది, చదువుతున్నారా? ఆ కథ చెప్పేది అసలు చెల్లెలా అక్కా అని మావాళ్ళంతా కొట్టుకు చస్తున్నారు. అక్కేనండీ. నేను చెబుతాను ఎందుకో..."

రేపల్లె బండి వచ్చింది. మాస్టారు ఆయన చెబుతుండగానే ఎక్కి కూర్చున్నాడు. శేషగిరిరావు కిటికీ పక్కన కొంత దూరం నడుస్తూ, అక్క ఎందుకయిందో చెబుతూనే ఉన్నాడు.